గూగుల్ సెర్చ్ కన్సోల్ రివ్యూ: మంగళగిరి చీరలు అమ్మే సైట్ నుంచి

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ ఫోన్ వస్తుంది. "మేడమ్, మీ సైట్ గూగుల్‌లో ఎక్కడా కనిపించడం లేదు, నెలకు ఇంత ఇస్తే ఫస్ట్ పేజీలో పెడతాం" అంటారు. వాళ్ళకు అవుననో కాదనో చెప్పే ముందు మీరు తెరిచి చూసుకోవాల్సింది గూగుల్ సెర్చ్ కన్సోల్. పైసా ఖర్చు లేదు. మీ సైట్ ఏ మాటకు కనిపిస్తోంది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కి లోపలికి వచ్చారు, ఏ పేజీని గూగుల్ పక్కన పెట్టేసింది, ఎందుకు పెట్టేసింది, ఇవన్నీ గూగుల్ నోటి నుంచే తెలుసుకునే చోటు ఇది. డబ్బు కట్టి వాడే బయటి టూల్స్ ఇవే సంగతులను అంచనా వేసి చెబుతాయి.

మాది మంగళగిరి. మా మామగారు మాస్టర్ వీవర్, ఆయన కింద గుంట మగ్గాలు ఆడతాయి. కాటన్ చీరలు, పట్టు కలిసిన చీరలు, డ్రెస్ మెటీరియల్, దుపట్టాలు మా సరుకు. షాపు మావారు చూసుకుంటారు, సైట్ నేను చూసుకుంటాను. ఫొటోలు తీయడం, వివరాలు రాయడం, ఆర్డర్ వస్తే ప్యాకింగ్ దగ్గరుండి చేయించడం, వారానికోసారి కూర్చుని సెర్చ్ కన్సోల్ చూడటం నా పని. నేను చదివింది బీకాం. చీరలో పచ్చళ్ళో బొమ్మలో అమ్ముకుంటూ, సైట్ ఉండి కూడా ఆర్డర్లు రాక టెన్షన్ పడుతున్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఇది కొత్తగా వచ్చింది కాదు. ఇదివరకు వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్ళు, 2015లో పేరు మార్చారు. 2018లో రూపం మొత్తం మార్చి, అప్పటిదాకా 90 రోజులకు మాత్రమే ఉన్న సెర్చ్ లెక్కను 16 నెలలకు పెంచారు. పండగ సీజన్ల మీద బతికే మాలాంటి వ్యాపారానికి ఆ మార్పు ఎంత పెద్దదో కింద చెబుతాను.

మొదట సైట్ మీదేనని నిరూపించుకోవాలి. అందుకు డొమైన్ (మీ సైట్ పేరు) పద్ధతి ఎంచుకోండి. డొమైన్ కొన్న చోట లాగిన్ అయి, డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో (ఆ పేరు కొడితే ఏ సర్వర్‌కు వెళ్ళాలో చెప్పే చోట) గూగుల్ ఇచ్చిన ఒక టెక్స్ట్ రికార్డు అతికిస్తే సరిపోతుంది. అలా చేస్తే ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామా, లేని చిరునామా, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. పని చిన్నదే గాని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డొమైన్ ఎవరి మెయిల్‌తో కొన్నారో, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. సైట్ కట్టిన కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయి ఉంటాడు. అతన్ని పట్టుకుని ఆ లాగిన్ మీ చేతికి తెచ్చుకోండి. సెర్చ్ కన్సోల్ సంగతి అటుంచి, రేపు డొమైన్ రెన్యువల్‌కైనా అది మీ దగ్గరే ఉండాలి.

లోపలికి వెళ్ళాక ముందు చూడాల్సింది పెర్ఫార్మెన్స్ రిపోర్ట్. అందులో నాలుగు అంకెలుంటాయి. మీ సైట్ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో ఇంప్రెషన్లు, ఎన్నిసార్లు నొక్కారో క్లిక్కులు, నూటికి ఎంతమంది నొక్కారో సీటీఆర్, సగటున ఎన్నో స్థానంలో ఉన్నారో పొజిషన్. వాటి కింద జనం గూగుల్‌లో కొట్టిన మాటల పట్టిక ఉంటుంది. ఈ టూల్ మొత్తంలో నాకు ప్రాణం ఆ పట్టికే.

నేను ఈ పని తీసుకునేటప్పటికి ఒక ఏజెన్సీ మా సైట్‌కు ఎస్ఈఓ, అంటే గూగుల్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చే పని, చేస్తోంది. ప్రతి నెలా రంగురంగుల పీడీఎఫ్ వచ్చేది. అందులో "మంగళగిరి" అన్న ఒక్క మాటకు మిమ్మల్ని పైకి తీసుకొస్తున్నామని గ్రాఫ్ వేసి చూపించేవాళ్ళు. సెర్చ్ కన్సోల్‌లో ఆ మాట దగ్గర చూస్తే ఇంప్రెషన్లు బాగానే ఉన్నాయి, క్లిక్కులు లేవు. ఎలా ఉంటాయి? మంగళగిరి అని ఒక్క మాట కొట్టే మనిషికి ఎయిమ్స్ ఓపీ టైమింగ్స్ కావాలి, పానకాల నరసింహస్వామి దర్శనం వేళలు కావాలి, విజయవాడ నుంచి బస్సులు కావాలి. చీర కావాల్సినవాళ్ళు ఊరి పేరు దగ్గర ఆగరు. "మంగళగిరి కాటన్ చీర నిజాం బోర్డర్" అని కొడతారు. "మంగళగిరి పట్టు ప్లెయిన్ చీర ధర" అని కొడతారు. ఉత్తరాది వాళ్ళు "మంగల్‌గిరి డ్రెస్ మెటీరియల్ హోల్‌సేల్" అంటారు. ఒక్కో మాటకు కనిపించేది తక్కువసార్లే అయినా, నొక్కేవాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు. ఆ ఏజెన్సీ అబద్ధం చెప్పిందని నేను అనను, గ్రాఫ్‌లో గీత నిజంగానే పైకి వెళ్ళింది. కానీ ఆ గీత వల్ల మా మగ్గం మీద ఒక్క చీర కూడా అదనంగా తెగలేదు.

ఈ పట్టికను చదివే పద్ధతి ఒకటి చెబుతాను. ఇంప్రెషన్లు ఎక్కువుండి, పొజిషన్ పది లోపు ఉండి, క్లిక్కులు మాత్రం లేని మాటలు వెతకండి. అంటే గూగుల్ మిమ్మల్ని చూపిస్తోంది, చూసినవాళ్ళే మిమ్మల్ని దాటి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్తున్నారు. మా సైట్‌లో అలాంటివి చాలా కనిపించాయి. వాటిలో "బ్లౌజ్‌తో కలిపి" అన్న మాట ఉన్నవి వరసగా ఉన్నాయి. మంగళగిరి కాటన్ చీర కొనేవాళ్ళ మొదటి సందేహం అదే కదా, చీరలోనే జాకెట్ గుడ్డ వస్తుందా, విడిగా కొనుక్కోవాలా అని. షాపుకు వచ్చే ఆడవాళ్ళందరూ అడిగే ప్రశ్నకు మా సైట్‌లో ఎక్కడా జవాబు లేదు. పేజీ టైటిల్ ఇంగ్లీషులో "ప్యూర్ హ్యాండ్‌లూమ్ ఎక్స్‌క్లూజివ్ కలెక్షన్" అని ఉండేది. దాన్ని తీసేసి "మంగళగిరి కాటన్ చీర, నిజాం అంచు, 80 కౌంట్ నూలు, జాకెట్ గుడ్డతో" అన్న అర్థం వచ్చేలా మార్చాను. జాకెట్ గుడ్డ లేని రకాలకు లేదని స్పష్టంగా రాశాను. పొజిషన్‌లో పెద్ద తేడా రాలేదు గాని క్లిక్కులు పెరిగాయి. అంతకంటే నాకు సంతోషం కలిగించింది, "జాకెట్ గుడ్డ రాలేదేంటండీ" అని వచ్చే ఫోన్లు తగ్గడం.

పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ పైన వెబ్ అని ఉన్న చోట నొక్కి ఇమేజ్ అని మార్చి చూడండి. చీరల వ్యాపారంలో ఇది మర్చిపోకూడదు. చీర కొనేవాళ్ళు ముందు బొమ్మలు చూస్తారు. ఫోన్‌లో తీసిన ఫొటోను ఐఎంజీ అనే పేరుతో అలాగే ఎక్కిస్తే గూగుల్‌కు అది ఏ చీరో తెలియడానికి ఆధారాలు తక్కువ. ఫైల్ పేరు, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెబుతూ కోడ్‌లో రాసే మాట), ఫొటో పక్కనున్న రాత, ఈ మూడింటిలోనూ రకం, అంచు, రంగు ఉండాలి. మా మామగారు నెమలికంఠం రంగు, వంగపండు రంగు, చిలకపచ్చ అంటారు. పట్టికలో జనం వాడిన రంగుల పేర్లు చూసుకుని రెండు రకాల పేర్లూ రాస్తున్నాను.

ఇక ఇండెక్సింగ్ రిపోర్ట్. మన పేజీల్లో వేటిని గూగుల్ తన జాబితాలో, అంటే ఇండెక్స్‌లో, పెట్టుకుందో వేటిని పెట్టుకోలేదో ఇది చెబుతుంది. చేనేత అమ్మేవాళ్ళకు సెర్చ్ కన్సోల్ చేసే అతి పెద్ద మేలు ఇక్కడుంది, దీని గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ.

మిల్లు బట్ట అమ్మే సైట్‌లో ఒక పేజీ పెడితే అదే సరుకు ఏడాదంతా ఉంటుంది. మాకు అలా కుదరదు. ఒక పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు) మీద కొన్ని చీరలే దిగుతాయి. ఆ రంగుల కలయిక అయిపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో చెప్పలేం. సైట్ కట్టినవాళ్ళు ఒక్కో చీరకు ఒక్కో పేజీ పెట్టారు. అమ్ముడుపోగానే "స్టాక్ లేదు" అని పడుతుంది. అలాంటి పేజీలు వందల్లో పేరుకుపోయాయి. సెర్చ్ కన్సోల్ వాటిలో చాలా వాటిని "సాఫ్ట్ 404" అన్న శీర్షిక కింద చూపించింది. అంటే పేజీ తెరుచుకుంటోంది గాని అందులో చూపించడానికి సరుకేమీ లేదని గూగుల్ లెక్క వేసి ఇండెక్స్ నుంచి తీసేసింది. కొన్నేమో "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" కింద ఉన్నాయి. వచ్చి చదివి వెళ్ళింది, పెట్టుకోవడానికి తగిన విషయం కనిపించలేదని దాని భావం. ఒకే రకం చీరకు ఒకే వాక్యం కాపీ చేసి రంగు పేరు మాత్రం మార్చిన పేజీలకు అంతకంటే ఏం జరుగుతుంది?

ఈ రిపోర్ట్ చూశాకే సైట్ మొత్తాన్ని తిరగరాయించాం. ఇప్పుడు చీరకొక పేజీ లేదు, రకానికి ఒక పేజీ. నిజాం అంచు కాటన్‌కు ఒకటి, గళ్ళ చీరకు ఒకటి, సన్నని జరీ అంచు దానికి ఒకటి. రంగులన్నీ ఆ పేజీ లోపలే ఉంటాయి. ఒక రంగు అయిపోతే దాని ఫొటో పోతుంది, కొత్త రంగు వస్తే చేరుతుంది, పేజీ చిరునామా మాత్రం మారదు. ఇన్నేళ్ళలో ఆ పేజీకి వచ్చిన పేరు, బయటి లింకులు అన్నీ దానికే ఉండిపోతాయి. పాత పేజీలను సంబంధించిన రకం పేజీకి 301 రీడైరెక్ట్ చేయించాం, అంటే పాత చిరునామా నొక్కినా కొత్త పేజీకే వెళ్తుంది. చేతితో చేసిన వస్తువు ఏదైనా సరే, కొండపల్లి బొమ్మలైనా కలంకారీ అయినా ఏటికొప్పాక లక్కపిడతలైనా, మీ సైట్‌కు ఇదే పద్ధతి పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

రంగు, ధర, కొత్తవి ముందు అని వడబోసే బటన్లు ఉన్న సైట్లలో ఇంకో తలనొప్పి ఉంటుంది. ప్రతి నొక్కుకూ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి కొత్త పేజీ తయారవుతుంది. రిపోర్ట్‌లో "డూప్లికేట్" అని కనిపించేవి చాలావరకు అవే. వీటిలో అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ సరిగ్గా పెట్టమని సైట్ చూసే వాళ్ళకు చెబితే చాలు, అది భయపడాల్సిన విషయం కాదు.

యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ గురించి చెప్పాలంటే మా వీధిలో జరిగిన సంగతి చెప్పాలి. పక్కన డ్రెస్ మెటీరియల్ షాపు అమ్మాయి వచ్చి, "వదినా, కొత్త సైట్ పెట్టించి నెలలైపోయింది. మా షాపు పేరు కొట్టినా రావట్లేదు. ఎస్ఈఓ వాళ్ళను మాట్లాడుకోమంటావా?" అని అడిగింది. ఒకాయన పెద్ద మొత్తానికి ప్యాకేజీ కూడా చెప్పాడట. సెర్చ్ కన్సోల్‌లో ఆమె సైట్ చేర్చి, పైనున్న గడిలో హోమ్ పేజీ చిరునామా అతికించాం. మగ్గం మీద పోగు ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించినట్టు చూపించింది: "నోఇండెక్స్ ట్యాగ్ వల్ల మినహాయించబడింది" అని. సైట్ తయారవుతున్నప్పుడు గూగుల్‌కు కనిపించకుండా వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెడతారు. పని అయ్యాక తీసేయాలి, కట్టినవాళ్ళు తీయలేదు. ఆ టిక్ తీసేసి, మళ్ళీ పరీక్షించి, "రిక్వెస్ట్ ఇండెక్సింగ్" నొక్కాం. కొద్ది రోజుల్లోనే షాపు పేరు కొడితే సైట్ వచ్చింది. ఆ ప్యాకేజీ డబ్బుతో ఆమె మంచి లైట్లు కొనుక్కుని ఫొటోలు తీయించుకుంది.

ఈ రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్‌కు రోజుకు ఇన్ని అనే పరిమితి ఉంది, పదే పదే నొక్కినా వరస ముందుకు జరగదు. పేజీలు ఎక్కువుంటే సైట్‌మ్యాప్, అంటే పేజీల చిరునామాల జాబితా, ఇవ్వడమే దారి. ఒక సైట్‌మ్యాప్ ఫైల్‌లో 50,000 చిరునామాల దాకా పడతాయి, మన షాపులకు అది చాలా ఎక్కువ.

తెలుగు పేజీల గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా ఉన్నారు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. మా సైట్ మొదట పూర్తిగా ఇంగ్లీషులో ఉండేది. పట్టికలో తెలుగు లిపిలో కొట్టిన మాటలు కనిపించడం మొదలైంది. "చేనేత చీర గుర్తుపట్టడం ఎలా", "మంగళగిరి చీర ఉతకడం ఎలా" లాంటివి. ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడేవాళ్ళు పెరిగారు కాబట్టి ఇవి వస్తున్నాయని నా ఊహ. మా పేజీల్లో జవాబు లేకపోయినా, దగ్గర్లో ఇంకేమీ దొరక్క గూగుల్ మమ్మల్ని ఎక్కడో కిందన చూపిస్తోంది. అప్పుడు మామగారిని కూర్చోబెట్టి అడిగాను. ఆయన చీర అంచు చేతికిచ్చి చూపించారు. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండు అంచులకూ సూదులున్న కర్ర పట్టి ఉంచుతారు. ఆ సూదుల గుర్తులు అంచు పొడవునా సన్నని రంధ్రాలుగా మిగులుతాయి. మనిషి చేత్తో నేసింది కాబట్టి పేక (అడ్డపోగు) అక్కడక్కడ కొద్దిగా దగ్గరగా, కొద్దిగా దూరంగా పడుతుంది, మరమగ్గం బట్టలాగా గజం పొడవునా ఒకేలా ఉండదు. 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే అదొక భరోసా. ఇవన్నీ ఆయన చెప్పిన తీరులోనే తెలుగులో రాసి, ఆయన చేతులు కనిపించేలా దగ్గరగా ఫొటోలు తీసి పెట్టాను. ఏజెన్సీ రాయించిన ఇంగ్లీషు వ్యాసాలన్నీ కలిపి తెచ్చినదానికంటే ఆ ఒక్క పేజీ ఎక్కువ మందిని తెస్తోంది. ఎక్కడి నుంచో ఎత్తి కలిపి రాసిన వ్యాసాలు లక్ష దొరుకుతాయి. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి చెప్పింది మన ఇంట్లోనే ఉంటుంది. ఎస్ఈఓ పేరుతో పెట్టే ఖర్చులో మొదటి రూపాయి దానికే పెట్టండి.

తెలుగు పేజీకి చిరునామా కూడా తెలుగులో పెట్టాలా అంటే, గూగుల్‌కు ఇబ్బంది లేదు, చక్కగా చదువుకుంటుంది. ఇబ్బంది పంచుకునేటప్పుడు వస్తుంది. తెలుగు చిరునామాను కాపీ చేస్తే చాలాసార్లు శాతం గుర్తులతో కూడిన పొడవాటి తాడులా మారుతుంది. "చీర" అన్న ఒక్క మాటే 27 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో అది చూసి వైరస్ లింకేమోనని నొక్కని పెద్దవాళ్ళు ఉన్నారు. అందుకని చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా, పేజీ లోపల తెలుగు నిండుగా పెడుతున్నాను.

ఇప్పుడు ఆ 16 నెలల సంగతి. పోయినేడాదితో పోల్చి చూసే సౌకర్యం ఇందులో ఉంది. కానీ మన పండగలు ఇంగ్లీషు తేదీల ప్రకారం రావు. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. అవే తేదీలకు పోల్చే పద్ధతి ఎంచుకుంటే మొదటి వారంలో ఆహా అనిపిస్తుంది, రెండో వారంలో సైట్ పడిపోయిందని కంగారు పుడుతుంది. రెండూ నిజం కాదు. కస్టమ్ అన్నది ఎంచుకుని, వ్రతానికి ముందు మూడు వారాలను పోయినేడాది వ్రతానికి ముందు మూడు వారాలతో పోల్చండి. అప్పుడే అసలు పెరిగామో తగ్గామో తెలుస్తుంది. దసరాకూ అంతే. సంక్రాంతికి మాత్రం ఈ బాధ లేదు. 16 నెలలు దాటిన లెక్క మాయమైపోతుంది కాబట్టి ప్రతి సీజన్ అవగానే ఎక్స్‌పోర్ట్ నొక్కి షీట్‌లో దాచుకోండి. దేశాల వారీగా చూసే ట్యాబ్ కూడా పనికొస్తుంది. శ్రావణానికి ముందు అమెరికా నుంచి క్లిక్కులు పెరగడం అక్కడే గమనించి, విదేశాలకు పంపే చార్జీలు, పట్టే రోజులు వివరంగా ఒక పేజీ పెట్టాం.

ఏజెన్సీ కథలో ఇంకో భాగం మిగిలింది. లింక్స్ రిపోర్ట్ తెరిస్తే మన సైట్‌కు ఎవరెవరు లింకు ఇచ్చారో కనిపిస్తుంది. మాకు చీరలతో గాని చేనేతతో గాని సంబంధం లేని, ఏ దేశానివో తెలియని సైట్ల నుంచి కుప్పలుగా లింకులు కనిపించాయి. కొన్న లింకులన్నమాట. ర్యాంకు కోసం డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో తన ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చిందే ఇలాంటి వాటిని అడ్డుకోవడానికి. వెంటనే మాన్యువల్ యాక్షన్స్ పేజీ (నియమాలు తప్పిన సైట్‌కు గూగుల్ వేసిన శిక్షను చూపించే చోటు) చూశాను, అక్కడ సమస్య ఏదీ లేదని ఆకుపచ్చ టిక్ ఉంది. ఆ టిక్ ఉన్నంతకాలం, ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిజావో టూల్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, చాలా సైట్లకు దాని అవసరం రాదని గూగుల్ కూడా చెబుతోంది. లింకులు కొనడం ఆపించి, కాంట్రాక్టు ముగించాం. వాళ్ళ పనుల జాబితాలో మెటా కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌లో వెతికే మాటల జాబితా రాసే చోటు) నింపడం కూడా ఉంది. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు చూడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీలోనే రాసి పెట్టింది. ఎస్ఈఓ పనికి ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా గూగుల్ వాళ్ళే చెప్పారు. నెలలో చేసి చూపిస్తామనేవాళ్ళ ముందు ఈ రెండు మాటలూ పెట్టండి.

ఇక లోటుపాట్లు. పట్టికలో ఒకసారికి 1,000 వరసలే కనిపిస్తాయి. చాలా తక్కువమంది కొట్టిన మాటలను వ్యక్తిగత గోప్యత కోసం దాచేస్తారు, అందుకే మాటల వారీగా క్లిక్కులు కూడితే పైన చూపించే మొత్తంతో సరిపోదు. దాన్ని చూసి లెక్క తప్పిందని కంగారుపడకండి. పూర్తి లెక్క రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. 24 గంటల లెక్క చూపించే సౌకర్యం వచ్చింది గాని నాకు దానితో పెద్దగా పని పడలేదు. సగటు పొజిషన్ అన్న అంకెను మాత్రం జాగ్రత్తగా చూడాలి. కొత్త పేజీ ఒకటి పెడితే అది చాలా మాటలకు అరవయ్యో స్థానంలో కనిపించడం మొదలవుతుంది, దాంతో సైట్ సగటు పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఎదుగుదల. కాబట్టి ఒక్కో మాటకు, ఒక్కో పేజీకి విడిగా చూడాలి. గూగుల్ ఫలితాల పైన ఇప్పుడు వస్తున్న ఏఐ జవాబుల్లో మన సైట్ కనిపిస్తే, ఆ లెక్కను విడిగా చూపించకుండా మామూలు వెబ్ లెక్కలోనే కలిపేస్తున్నారు. ఈ రోజుల్లో అది విడిగా తెలియాల్సిన విషయం, దాన్ని వేరు చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కోర్ వెబ్ వైటల్స్ అని ఇంకో రిపోర్ట్ ఉంది, సైట్ వేగానికి సంబంధించింది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది అందులో ఒక కొలత. నిజంగా సైట్‌కు వచ్చిన క్రోమ్ వాడకందార్ల లెక్క మీద ఇది పనిచేస్తుంది. రాకపోకలు తక్కువున్న చిన్న సైట్లకు సరిపడా డేటా లేదని ఖాళీగా ఉంటుంది. అప్పుడు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకోవాలి. చీరల సైట్లలో చాలావరకు దోషం ఫొటోల బరువుదే. ఫోన్‌లో తీసిన ఫొటో అలాగే ఎక్కించకుండా వెబ్‌పీ రూపంలోకి మార్చి, కుదించి పెట్టండి.

పోటీ షాపులు ఏ మాటకు ఎక్కడున్నాయో ఇందులో తెలియదు, మన సైట్ లెక్క మాత్రమే ఉంటుంది. ఒక మాటను నెలకు ఎంతమంది వెతుకుతారో కూడా తెలియదు, దానికి గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ ఉంది. మ్యాప్‌లో షాపు కనిపించాలంటే బిజినెస్ ప్రొఫైల్ వేరుగా పెట్టుకోవాలి. సెర్చ్ కన్సోల్ పని అయ్యాక బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కూడా చేరండి. ఇక్కడి సైట్‌ను నేరుగా అక్కడికి దిగుమతి చేసుకోవచ్చు కాబట్టి మళ్ళీ డీఎన్ఎస్ పని ఉండదు.

మీ సైట్ పెద్దదై, మీకు తీరిక లేక ఎవరినైనా పనికి పెట్టుకుంటే పెట్టుకోండి, మంచిగా చేసేవాళ్ళూ ఉన్నారు. ఓనర్‌గా మాత్రం మీ ఒక్కరి మెయిలే ఉంచండి. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళను ఫుల్ యూజర్‌గా చేర్చండి, ఎస్ఈఓ పనికి అది సరిపోతుంది. పని ముగిసిన రోజున అదే చోట వాళ్ళ పేరు తీసేయండి. నెలాఖరున వాళ్ళు పంపే రిపోర్ట్ చదివే ముందు మీరే పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, ఆ నెలలో క్లిక్కులు వచ్చిన మొదటి ఇరవై మాటలు చూడండి. అందులో మీ షాపు పేరు, మీ ఊరి పేరు తీసేశాక ఏమేం మిగిలాయో, వాటిలో సరుకు కొనేవాళ్ళు కొట్టే మాటలు ఎన్నున్నాయో వాళ్ళనే అడగండి.